రేడియోలో మోగింది, షాపులో అమ్ముడుపోలేదు: కలైడోస్కోప్ బీబీసీ సెషన్ల కథ

1960ల బ్రిటిష్ బ్యాండు కలైడోస్కోప్ పాటల కోసం ఆ పేరు కొట్టి వెతికితే ముందు తగిలేది వేరే బ్యాండు. సరిగ్గా అవే రోజుల్లో అమెరికాలో, కాలిఫోర్నియాలో, అదే పేరుతో ఇంకొకటి ఉండేది, తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్న డేవిడ్ లిండ్లీ అందులోంచే వచ్చాడు. సరే, బ్యాండు పేరు వదిలేసి మొదటి ఆల్బమ్ పేరుతో వెతుకుదాం అనుకుంటే దాని పేరు ‘టాంజెరిన్ డ్రీమ్’. ఇక చూసుకోండి, అదే పేరున్న జర్మనీ బ్యాండు వాళ్ల సింథసైజర్ సంగీతం పేజీలకు పేజీలు వస్తుంది. పోనీ గాయకుడి పేరుతో ప్రయత్నిద్దామంటే పీటర్ డాల్ట్రీ, దానికి ‘ద హూ’ అనే పేరున్న బ్యాండు గాయకుడు రోజర్ డాల్ట్రీ అడ్డం పడతాడు. ఇద్దరికీ చుట్టరికం లేదు కానీ ఇద్దరూ లండన్‌లో ఒకే వైపు వాళ్లు. ఒక బ్యాండుకి ఇన్ని రకాలుగా కనబడకుండా పోయే అవకాశం ఉంటుందా అని నవ్వొస్తుంది.

వీళ్లు పడమటి లండన్‌లోని ఆక్టన్ కుర్రాళ్లు. డాల్ట్రీ పాడేవాడు, సాహిత్యం రాసేవాడు. ఎడ్డీ ప్యూమర్ గిటార్, స్టీవ్ క్లార్క్ బేస్, డాన్ బ్రిడ్జ్‌మన్ డ్రమ్స్. మొదట సైడ్‌కిక్స్ అని, తర్వాత ద కీ అని పేర్లు మార్చుకుంటూ వచ్చి 1967లో ఫాంటానా అనే రికార్డు కంపెనీలో చేరాక కలైడోస్కోప్ అయ్యారు. ఆ పేరుతో రెండు ఆల్బములు, కొన్ని సింగిల్స్ వచ్చాయి, ఒక్కటి కూడా బ్రిటిష్ చార్టు మొహం చూడలేదు. అయినా బీబీసీ వాళ్లని రేడియో కోసం పాటలు వాయించమని మళ్లీ మళ్లీ స్టూడియోకి పిలిచింది, ఆ రికార్డింగులనే సెషన్లు అంటారు. అలా రికార్డయినవాటిలో మిగిలినవి 2003లో ‘ప్లీజ్ లిసన్ టు ద పిక్చర్స్’ అనే పేరుతో సీడీగా వచ్చాయి. ఒక్క హిట్టు కూడా లేని బ్యాండుని అంత పెద్ద సంస్థ ఎందుకు పిలిచింది, పిలిచి రికార్డు చేసినవాటిలో చాలా భాగం ఎందుకు చెరిపేసింది అన్నది తెలియాలంటే పాటల దగ్గర కాదు, ఒక ఒప్పందం దగ్గర మొదలుపెట్టాలి.

ఆ ఒప్పందం పేరు నీడిల్ టైమ్. గ్రామఫోను ముల్లు రికార్డు మీద తిరిగే సమయం అన్నమాట. బ్రిటన్‌లో రికార్డుల్ని రేడియోలో వేసే హక్కులన్నీ పీపీఎల్ అనే సంస్థ చేతిలో ఉండేవి, రికార్డు కంపెనీలు 1934లో దాన్ని పెట్టుకున్నాయి. బీబీసీ రోజుకి ఇన్ని గంటలే రికార్డులు వేయాలని అది కోటా పెట్టింది. దాని వెనక సంగీతకారుల యూనియన్ గట్టిగా నిలబడింది. వాళ్ల వాదన సూటిగా ఉంటుంది: ప్లాస్టిక్ పళ్లెం ఒకటి తిప్పితే పనైపోతుందనుకుంటే వాయిద్యం పట్టుకున్నవాడికి పనెవడిస్తాడు? మన బ్యాంకుల్లో కంప్యూటర్లు పెడతామన్నప్పుడు ఉద్యోగ సంఘాలు ఏమన్నాయో గుర్తున్నవాళ్లకి ఈ గొంతు కొత్తగా అనిపించదు. కోటా దాటాక మిగిలిన గంటలన్నీ మనుషులు వాయించిన సంగీతంతోనే నింపాలి కాబట్టి బీబీసీ రెండు పనులు చేసింది. ఒకటి, తన సొంత ఆర్కెస్ట్రాలతో హిట్టు పాటల్ని వాయింపించడం. నార్తర్న్ డాన్స్ ఆర్కెస్ట్రా లాంటివి ఆ వారం చార్టులో ఉన్న రాక్ పాటల్ని బ్రాస్ వాయిద్యాలతో వినిపించేవి, అవి విన్న పిల్లల మొహాలు ఎలా ఉండేవో ఊహించుకోవచ్చు. రెండోది, అసలు బ్యాండునే పిలిచి ఆ పాటనే బీబీసీ స్టూడియోలో మళ్లీ వాయించమనడం. అలా వాయించింది రికార్డు లెక్కలోకి రాదు, సెషన్ లెక్కలోకి వస్తుంది, కోటా ఖర్చవదు.

కాబట్టి ఈ రోజు అభిమానులు ప్రాణంగా చూసుకునే సెషన్లు పుట్టింది కళాభిమానంతో ఏమీ కాదు, కోటా తప్పించుకోడానికి. ఇది చిన్నబుచ్చే మాటలా ఉంటుంది గానీ దీన్నొదిలేసి చెప్పే కథలన్నీ అభిమానుల భజనే.

ఇక్కడ మన వైపు కథ ఒకటి పక్కన పెట్టి చూస్తే విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. 1952లో సమాచార ప్రసార మంత్రిగా వచ్చిన కేస్కర్‌కి సినిమా పాటలంటే చిరాకు, ఆకాశవాణిలో అవి తగ్గిపోయాయి. జనం ఏం చేశారు? ముల్లు తిప్పి రేడియో సిలోన్ పెట్టుకున్నారు. చివరికి ఆకాశవాణే దిగొచ్చి 1957 అక్టోబర్ 3న వివిధ భారతి మొదలుపెట్టింది. సరిగ్గా పదేళ్ల తర్వాత బ్రిటన్‌లో అదే సినిమా ఆడింది, సిలోన్ బదులు సముద్రంలో లంగరేసిన ఓడలు. 1964 మార్చిలో రేడియో కెరొలైన్, ఆ ఏడాది చివర్లో రేడియో లండన్, ఇంకా ఎన్నో పైరేట్, అంటే అనుమతి లేని, స్టేషన్లు పుట్టి, కోటాలూ లేవు, యూనియన్లూ లేవు అని పొద్దస్తమానం రికార్డులు మోగించాయి. ప్రభుత్వం 1967 ఆగస్టు మధ్యలో చట్టం తెచ్చి వాటి గొంతు నొక్కింది. జనం ఊరుకోరని తెలుసు కాబట్టి బీబీసీ సెప్టెంబర్ 30న, శనివారం పొద్దున్నే, రేడియో 1 తెరిచింది. పాటలు వేసి మాట్లాడే డీజే టోనీ బ్లాక్‌బర్న్ గొంతు, అతను వేసిన మొదటి మామూలు రికార్డు ‘ద మూవ్’ వాళ్ల ‘ఫ్లవర్స్ ఇన్ ద రెయిన్’. రేడియో 1కి కూడా నీడిల్ టైమ్ తిప్పలు తప్పలేదు, అందుకే మొదటి రోజు నుంచే సెషన్ల మీద ఆధారపడింది. మర్నాడు ఆదివారం మధ్యాహ్నం ‘టాప్ గేర్’ అనే పాటల కార్యక్రమం కొత్త రూపంలో మొదలైంది, కొన్నాళ్లకి అది పూర్తిగా డీజే జాన్ పీల్ చేతికి వచ్చి ఈ రకం బ్యాండులన్నిటికీ ఇల్లయింది.

కలైడోస్కోప్ మొదటి సింగిల్ ‘ఫ్లైట్ ఫ్రమ్ ఆషియా’ వచ్చింది ఆ 1967 సెప్టెంబర్‌లోనే. ఈ తారీఖుల్ని పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు తక్కువ. ఆ పాట నాలుగు నెలల ముందొచ్చి ఉంటే పైరేట్లు రోజుకి పదిసార్లు మోగించేవాళ్లేమో, అలాంటి రంగురంగుల పాటలంటే వాళ్లకి పిచ్చి. వచ్చేసరికి ఆ ఓడల్లో దాదాపు అన్నీ వెళ్లిపోయాయి, దేశం మొత్తానికి పాప్ పాటలు వినిపించే స్టేషన్ ఒక్కటే మిగిలింది, దాని దగ్గర రికార్డులు వేయడానికి ఉన్న సమయం కొలిచి ఇచ్చింది. ఆ కొలతలో హిట్టు రికార్డులకి పోగా కొత్తవాళ్లకి మిగిలేది ఎంత? సెషనే దారి. ఈ బ్యాండు ఎందుకు పైకి రాలేదన్న దానికి చాలామంది కంపెనీ నిర్లక్ష్యం, పాటల్లో పసితనం అంటారు, అవీ ఉండొచ్చు, కానీ ఈ కొద్ది నెలల తేడా కూడా చిన్నది కాదు.

సెషన్ దొరకడం మాత్రం ఊరికే అయ్యేది కాదు. ముందు ఆడిషన్ పాసవ్వాలి. ఆకాశవాణి గ్రేడుల కోసం తిరిగినవాళ్లకి ఆ గుండెదడ తెలుసు, అక్కడా అంతే, గదిలో కూర్చున్న పెద్దలు విని కాయితం మీద అభిప్రాయం రాస్తారు. 1965లో లోయర్ థర్డ్ అనే బ్యాండుతో వచ్చిన ఒక గాయకుడికి వ్యక్తిత్వమే లేదని రాసి పంపేశారు. ఆ కుర్రాడు తర్వాత ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న రాక్ గాయకుడు డేవిడ్ బౌయీ.

పాసయ్యాక స్టూడియోకి పిలుపు. బీబీసీ స్టూడియోలంటే అద్దాల మేడలనుకోవద్దు. మైదా వేల్‌లోది ఒకప్పుడు రోలర్ స్కేటింగ్ చేసే హాలు. న్యూ బాండ్ స్ట్రీట్‌లోని ఏయోలియన్ హాల్ ఒకప్పుడు బొమ్మలు పెట్టే గ్యాలరీ. ప్లేహౌస్ అయితే పేరులోనే ఉంది, నాటకాలాడే థియేటర్. అలాంటి చోట వ్యాన్లోంచి సామాన్లు దింపుకుని, డ్రమ్స్ బిగించుకుని, మైకులు సర్దుకుని, మూడు మూడున్నర గంటల్లో నాలుగు పాటలు ముగించి బయటపడాలి. అదే నాలుగు పాటలకి రికార్డు కంపెనీ స్టూడియోలో రోజులు పట్టేవి.

పని జరిగే తీరు ఇది. అంతా మోనో, అంటే ధ్వనులన్నీ ఒకే వరసలో. బ్యాండు మొత్తం ఒకేసారి వాయిస్తుంది, అది ఒక టేపు మీదికి ఎక్కుతుంది. గొంతు ఇంకో వరస కలపాలన్నా, గిటార్ ముక్క అదనంగా పెట్టాలన్నా ఆ టేపుని ఒక మెషిన్ మీద వినిపిస్తూ, దానికి జతగా పాడుతూ, రెండూ కలిపి రెండో మెషిన్ మీదికి తీసుకుంటారు. అంటే మొదట వాయించింది ఇప్పుడు కాపీ అయింది. ఇంకోటి కలిపితే కాపీకి కాపీ. ప్రతిసారీ ‘స్స్’ అనే టేపు రొద ఒక మెట్టు పెరుగుతుంది, డ్రమ్స్‌తో మోగే తాళాల మెరుపు ఒక మెట్టు తగ్గుతుంది. వెనక్కి వెళ్లి డ్రమ్స్ ఒక్కటే సరిచేద్దామంటే కుదరదు, అన్నీ పిండిలో నీళ్లలా కలిసిపోయి ఉంటాయి. అందుకే జాగ్రత్తపరులు ఒక్క వరస మాత్రం కలుపుకుని ఊరుకునేవాళ్లు.

ఇప్పుడు దీన్ని కలైడోస్కోప్ రికార్డుల పక్కన పెట్టండి. 1969లో వచ్చిన రెండో ఆల్బమ్ ‘ఫెయింట్లీ బ్లోయింగ్’ పేరు పాటలో ధ్వని మొత్తం సుడిగాలిలో చిక్కుకున్నట్టు తిరుగుతుంది. దాన్ని ఫేజింగ్ అంటారు. ఒకే ధ్వనిని రెండు టేపు మెషిన్ల మీద పెట్టి, ఒకదాన్ని వెంట్రుకవాసి వెనకో ముందో నడిపిస్తే రెండూ ఒకదాన్నొకటి కోసుకుంటూ ఆ ఊపు వస్తుంది. ముచ్చటగా ఉంటుంది, కానీ తీరిక కావాలి. స్కేటింగ్ హాల్లో మూడు గంటల టైమిచ్చి, ఇంకో మూడు పాటలు మిగిలుండగా అలాంటివి ఎవరు పెట్టుకుంటారు? కాబట్టి సెషన్ అంటే రికార్డుకి వేసిన అలంకారాలన్నీ తీసేసి చూడటం. ప్రతిధ్వని పొగ వెనక నిలబడ్డ డాల్ట్రీ గొంతు దగ్గరగా వస్తుంది, ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తుంది. ప్యూమర్ గిటార్ ఎంత పని చేస్తుందో తెలుస్తుంది. గడియారాలు బాగుచేసేవాళ్లు, ఆకాశంలో తిరిగే పిల్లలు అంటూ నడిచే ఆ సాహిత్యం కూడా, పిల్లల కథలంత తేలికగా కనబడేది, వట్టి నలుగురి వాయింపు మీద వింటే కాస్త బరువుగా, కొంచెం దిగులుగా అనిపిస్తుంది.

అలాగని సెషన్ ప్రతిదీ రికార్డు కన్నా గొప్పదని చెప్పేవాళ్లని నమ్మొద్దు. దొరకనిదాని మీద మోజు ఎక్కువ, అంతే. హడావిడిలో తాళం జారినవి ఉంటాయి, వెనక గొంతులు పలచబడినవి ఉంటాయి, ఇంకో గంట దొరికితే బాగుండేది అనిపించేవి ఉంటాయి. కానీ ఒక విషయంలో వీటికి సాటి లేదు. వెనక అద్దెకు తెచ్చిన వయొలిన్లు లేకుండా, స్టూడియో మాయ లేకుండా ఈ నలుగురూ నిజంగా వాయించగలిగేవాళ్లా అన్న ప్రశ్నకి రికార్డులు జవాబు చెప్పవు. సెషన్లు చెబుతాయి, వాయించగలిగేవాళ్లే.

రేడియోవాళ్లకి వీళ్లంటే ఇష్టం అన్నది ‘జెన్నీ ఆర్టిచోక్’ దగ్గర బాగా కనబడుతుంది. 1968 సెప్టెంబర్‌లో వచ్చింది. డోనవన్ అనే గాయకుడి పాట ‘జెనిఫర్ జూనిపర్’ విని పుట్టిన ఆలోచన, హాయిగా చప్పట్లు కొట్టుకుంటూ పాడుకునే పాట, డీజేలు బాగానే మోగించారు. చార్టులోకి మాత్రం రాలేదు. అప్పటి చార్టు అంటే కొన్ని ఎంపిక చేసిన షాపులు ఇచ్చే అమ్మకాల లెక్క. రేడియోలో ఎన్నిసార్లు మోగిందన్న దానికి అందులో మార్కులుండవు. పాట నోట్లో నాని షాపుకెళ్లినవాడికి రికార్డు చేతికి దొరకాలి, ఆ షాపు లెక్కలు పంపే షాపయ్యుండాలి. సెషన్లతో ఇంకో చిక్కుంది: రేడియోలో విన్న వాయింపు వేరు, షాపులో దొరికే రికార్డు వేరు. పచ్చి రుచి నచ్చి వెళ్తే చేతికి వచ్చేది తాలింపు వేసినది. అమ్మకాలకి అది ఎంతవరకు దెబ్బ కొట్టిందో కొలవడానికి ఆధారం లేదు గానీ సాయమైతే చేసుండదు.

1970లో వీళ్లు ఫెయిర్‌ఫీల్డ్ పార్లర్ అని మళ్లీ పేరు మార్చుకుని వర్టిగో అనే రికార్డు కంపెనీలో ‘ఫ్రమ్ హోమ్ టు హోమ్’ ఆల్బమ్ చేసినప్పుడు వెనకుండి నడిపించిన మేనేజరు ఎవరో తెలుసా? డేవిడ్ సైమండ్స్, రేడియో 1 డీజే. ఆ ఏడాది ఐల్ ఆఫ్ వైట్ సంగీతోత్సవంలో, లక్షల జనం ముందు వాయించారు కూడా. అదీ అక్కరకు రాలేదు. తర్వాత కష్టపడి చేసిన ‘వైట్ ఫేస్డ్ లేడీ’ అనే జంట ఆల్బమ్ డబ్బాలోనే ఉండిపోయి, 1991లో బయటికొచ్చింది, అంటే ఇరవై ఏళ్ల తర్వాత. ప్యూమర్ ఆ తర్వాత లండన్‌లో క్యాపిటల్ రేడియోలో పనిచేశాడు. తిరిగి తిరిగి రేడియోకే చేరుకున్నారు.

ఇక చెరిపేసిన సంగతి. బీబీసీ సెషన్ టేపుల్లో ఎక్కువ భాగం ప్రసారమయ్యాక మళ్లీ వాడుకున్నారు, అంటే వాటి మీద ఇంకోటి ఎక్కించారు. దీన్ని తలుచుకుని తిట్టనివాళ్లు లేరు. కానీ అప్పటి లెక్క ప్రకారం చూస్తే అందులో వింతేమీ లేదు. టేపు ఖరీదైన వస్తువు, పెట్టుకోడానికి చోటు కావాలి, పైగా అదే యూనియన్‌తో ఉన్న ఒప్పందాల వల్ల ఒక సెషన్‌ని ఇష్టమొచ్చినన్నిసార్లు ప్రసారం చేయడానికి లేదు. ప్రసారం చేయడానికి వీల్లేని టేపుని దాచి ఏం చేయాలి? సెషన్ పుట్టడానికి కారణమైన రూలే అది పోవడానికి కూడా సాయపడింది. ‘డాక్టర్ హూ’ లాంటి టీవీ సీరియల్‌కే దాదాపు వంద ఎపిసోడ్లు దిక్కులేకుండా పోయాయి, పాప్ పాటలదెంత.

మిగిలినవి మూడు దారుల్లో మిగిలాయి. విదేశీ స్టేషన్లకి పంపడానికి బీబీసీ ట్రాన్స్‌క్రిప్షన్ విభాగం కొన్ని కార్యక్రమాల్ని ఎల్పీలుగా అచ్చుపోసేది. వాడాక నాశనం చేయమని షరతు ఉన్నా ఎక్కడో ఒక స్టేషన్ బీరువాలో ఒక కాపీ ఉండిపోతుంది. ఇవే ధ్వనిలో మేలైనవి, కానీ పేరున్న బ్యాండులకే ఎక్కువగా ఆ అదృష్టం. రెండోది, బ్యాండు వాళ్లో స్టూడియో సిబ్బందో గుర్తుగా తీసుకెళ్లిన కాపీలు. మూడోది, ఇంట్లో కూర్చుని రేడియోలోంచి టేపు చేసుకున్న శ్రోతలు.

ఈ మూడో రకం గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. రేడియో 1 వచ్చేది 247 మీటర్ల మీడియం వేవ్‌లో. పగలు ఫర్వాలేదు, పొద్దు గూకితే యూరప్ స్టేషన్లు పైకి లేచి పాట వెనక ఇంకేదో భాష గొణుగుతూ ఉంటుంది. పాట మొదట్లో డీజే మాటలు, చివర్లో మళ్లీ మాటలు, మధ్యలో ఎవరో దీపం స్విచ్ వేసిన ‘టక్’. పైగా టేపు ఆదా కోసం తక్కువ వేగంలో తీసినవి, ఆ రికార్డర్ల వేగం కూడా అంత నికార్సుగా ఉండేది కాదు. కాబట్టి ఈ రోజు వాటిని మెషిన్ మీద పెడితే శ్రుతి పైకో కిందకో పోతుంది. సరిచేసేవాళ్లకి ఒక చక్కటి ఆధారం ఉంది, అదీ చెత్త అనుకున్నదాంట్లోంచే. ఇంటి కరెంటు వల్ల టేపులో సన్నగా ‘మ్‌మ్’ అనే రొద పడుతుంది. బ్రిటన్‌లో కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి టేపు తీసినప్పుడు పడిన ఆ రొద 50 దగ్గర ఉండాలి. ఇప్పుడు కొలిస్తే 52 చూపించిందంటే టేపు 4 శాతం ఎక్కువ వేగంతో తిరుగుతోందన్నమాట, శ్రుతి ఒక సెమీటోన్‌లో, అంటే పక్కపక్క స్వరాల మధ్య ఉండే అతి చిన్న మెట్టులో, మూడింట రెండు వంతులు పైకి పోయింది. రొదని 50కి దించితే పాట కూడా దాని చోటికి దిగుతుంది, పాతికేళ్ల కుర్రాడి గొంతు చిన్నపిల్లాడి గొంతులా వినబడటం మానేస్తుంది. తర్వాత ఆ రొదనే తీసేస్తారు. సాక్ష్యం చెప్పించుకుని గెంటేసినట్టు.

ఈ సెషన్లు వినాలనుకుంటే ముందు రెండు ఆల్బములు విని రావడం మంచిది, తిరగేసి మొదలుపెడితే ఈ పాటలు ఇంత సాదాగా ఉన్నాయేంటి అనిపించే ప్రమాదం ఉంది. ‘టాంజెరిన్ డ్రీమ్’ అసలు ముద్రణ కోసం సేకరించేవాళ్లు వందల పౌండ్లు పెడతారు, అప్పట్లో కొనేవాడు లేని రికార్డే అది. వినడానికి మాత్రం అంత అక్కర్లేదు, మళ్లీ వేసిన సీడీలున్నాయి.

ఇలాంటి పాత సెషన్లని సీడీలుగా వేసేవాళ్లతో ఒక పేచీ మాత్రం ఉంది. చాలామంది శుభ్రం పేరుతో ముందూ వెనకా డీజే మాటల్ని కోసేస్తారు. ఆ మాటల్లోనే పాట ఏ రోజుదో, ఏ కార్యక్రమంలోదో, కొత్త సింగిల్ అని చెప్పారో పాతదన్నారో ఉంటుంది. టేపు డబ్బా మీద పెన్సిలుతో రాసిన తేదీ తప్పని తేలిన సందర్భాల్లో చాలాసార్లు దాన్ని పట్టించేది ఆ గొంతే. కోసేశాక పాట శుభ్రంగా ఉంటుంది, ఎప్పటిదో ఎవరికీ తెలియదు.